దవాఖాన కాయితాలకు ఒక సంచి

నాకు ఎదురుచూడటం చేతకాదు. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, స్టాండులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ పక్కవాళ్ల ప్రాణం కూడా తీసే రకం. అలాంటిదాన్ని దేవుడు వారం రోజులు కట్టేసి కూర్చోబెట్టాడు. అత్తమ్మ గొంతు పక్కన లేచిన గడ్డలోంచి హైదరాబాదు దవాఖానలో సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. సోమవారం ఫలితం చెబుతామని, ఆమెను తప్పకుండా వెంటబెట్టుకుని రమ్మని అన్నారు. ఆ "తప్పకుండా" దగ్గరే నాకు అనుమానం మొదలైంది. మంచి కబురైతే మనిషితో పనేముంది, కాయితం చేతిలో పెట్టి పంపిస్తారు కదా?

నల్లగొండకు తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో నేను కాలుగాలిన పిల్లిని. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. ఆరేసిన బట్టలు ఆరకముందే తీసి, తడిగా ఉన్నాయని మళ్లీ తీగ మీద వేశాను. చౌటుప్పల్‌లో మందుల కంపెనీకి డ్యూటీకి పోతూ మా ఆయన, "జర ఒక్కకాడ కూసోరాదే, నిన్ను చూస్తే నాకు కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. అత్తమ్మ మాత్రం ఏమీ జరగనట్టు పెరట్లో మేకలకు తుమ్మకొమ్మలు వేలాడదీసుకుంటూ ఉండేది. ఆమె అంత నెమ్మదిగా ఉంటే నాకు ఇంకా మండేది.

ఆ మంటలోనే సంచి ఆలోచన పుట్టింది. ఆమె దవాఖాన కాయితాలన్నీ చీరల దుకాణం వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. పోయినసారి లైనులో నిలబడ్డప్పుడు అది అడుగున చినిగి, రిపోర్టులూ స్కానింగు ఫిల్ములూ జనం కాళ్ల కింద పడ్డాయి. అత్తమ్మ వంగి ఏరుకుంటుంటే వెనకున్నాయన "జల్ది తీయమ్మా" అని కసిరాడు. అప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. ఈసారి ఆమె చేతిలో నేను చేసిచ్చిన ముచ్చటైన సంచి ఉండాలి, ఎవడూ నోరెత్తకూడదు అనుకున్నాను. కొనొచ్చు కదా అంటారేమో. కొంటే నా చేతులకు పనేది?

అటక మీద పెళ్లిపత్రికల కట్ట ఉంది. పసుపు పెట్టిన కాయితమని, దేవుని బొమ్మ ఉంటుందని మా ఇంట్లో పత్రికలు పారెయ్యరు. వినాయకుడి బొమ్మలన్నీ జాగ్రత్తగా కత్తిరించి దేవుని గూట్లో పెట్టి, మిగిలిన ఎర్రటి, మెరుపు కాయితాలను పీలికలుగా కోశాను. చీర డబ్బా అట్ట తీసుకుని, స్కానింగు ఫిల్ము మడత పడకుండా పట్టేంత ఎత్తు పెట్టాను. మైదాపిండితో లై ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, పీలికలను అట్ట మీద వరసగా అంటించాను. రెండు పక్కలా బెత్తెడు వెడల్పున మడతలు పెట్టాను, ఎన్ని కాయితాలు పెడితే అంత విచ్చుకునేలా. పాత చీర అంచు పేని పిడులు కుట్టాను. లై ఆరేదాకా ఆగలేక నోటితో ఊదాను, ఫ్యాను కింద పెడితే సరిగా అంటని పీలికలు ఎగిరిపోయాయి, ఫ్యానును తిట్టాను. గడపలో కూర్చున్న అత్తమ్మ పకపకా నవ్వింది.

"తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి పోయిందట. గట్లుంది నీ యవ్వారం!"

శనివారం మధ్యాహ్నానికి సంచి ఆరింది. తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను.

"అబ్బ, మంచిగున్నదే పిల్లా. పెండ్లికళ ఉన్నది దీనికి. ఎవలకు?"

"నీకే అత్తమ్మా. నీ దవాఖాన కాయితాలకు."

ఆమె నవ్వు ఆగిపోయింది. సంచిలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. పక్క మడతలు రెండూ విప్పి చూసింది.

"గింత లోతేందే? గిది నిండేదాక తిరగాల్నా నేను?"

"గట్ల కాదు అత్తమ్మా..."

"మరెట్ల? నాలుగు కాయితాలకు ఎవలన్న గాదె కడ్తరా? గడ్డ చెడ్డదని నువ్వు ముందే ఖాయం చేసుకున్నవ్." సంచి పక్కన పెట్టి లేచింది. "సోమారం నేను రాను. నువ్వు, నీ మొగడు పోయి తెచ్చుకోండ్రి ఆ కాయితం."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మా ఇంట్లో దవాఖానకు పోయేటప్పుడు కొత్త చెప్పులు కూడా తొడగరు, మళ్లీ మళ్లీ పోవాల్సి వస్తుందని. అది తెలిసి తెలిసి నేను బెత్తెడు మడతలు పెట్టాను. చూపిద్దామనుకున్నది ప్రేమే, కానీ ఆమెకు కనబడింది నా భయం. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన తల్లిని బతిమాలాడు, తర్వాత కోపం చేశాడు. ఆమె మేకల దగ్గర నుంచి కదల్లేదు.

ఆదివారం పొద్దున్నే కత్తెర తీశాను. పక్క మడతలు నిలువునా కోసేసి, సంచి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ దగ్గరికి లాగి అంటించాను. పలక లాగా పలచబడింది. అంచులు వంకర పోయాయి, లై పొంగి పత్రికల రంగు చేతులకు అంటింది. ఏడుపొస్తోంది, అయినా కోస్తూనే ఉన్నాను.

"ఎందుకే ఖరాబు చేస్తున్నవ్?" అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"నువ్వే గదా లోతెక్కువైందన్నవ్. ఇగో, తగ్గించిన. ఇగనన్న రా."

"సంచి కోస్తే గడ్డ పోతదా?"

"నువ్వు ఇంట్ల కూసుంటే పోతదా మరి!" అని అరిచేశాను. ఆమె మీద అంత గొంతు లేపడం అదే మొదలు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పక్కన చతికిలబడింది.

"మీ మామ కాయితాలు యూరియా బస్తా నిండ అయినయ్ పిల్లా. ఒక్కటి పోగొట్టలే. ఆఖరికి ఆ బస్తా నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చిన. కాయితాలన్ని తెచ్చిన. మనిషినే తెచ్చుకోలే."

మామను నేను చూడలేదు, నేను ఆ ఇంటికి రాకముందే పోయాడు. ఆమె ఆయన సంగతి ఎత్తడం కూడా నేను ఎప్పుడూ వినలేదు. కత్తెర కింద పెట్టి ఆమె మోకాలి మీద తల వాల్చాను.

"నాకు భయమైతాంది అత్తమ్మా."

"నాకు కాదా?"

పెరట్లో మేకలు గోల చేస్తున్నా ఇద్దరం లేవలేదు.

సోమవారం ఆమె వచ్చింది, నేను కోసి అంటించిన ఆ సంచే చేత పట్టుకుని బస్సెక్కింది. గడ్డ చెడ్డదేనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇంకా పాకలేదు, ఆపరేషన్ చేస్తే నయమవుతుంది, కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి మాత్రలు మింగాలి, పరీక్షలకు వస్తూ ఉండాలి అంది. మా ఆయన గోడకు ఆనుకుని తల వంచుకున్నాడు. అత్తమ్మ ఒక్కటే అడిగింది.

"వస్త ఉంటే బతుకుత గదా?"

"బతుకుతావమ్మా."

తిరుగు బస్సులో కొత్త రిపోర్టులు సంచిలో పెట్టబోతే దూరలేదు. బలవంతంగా నెడితే నేను అంటించిన అంచు పొడుగునా విడిపోయింది. ఆమె కంట పడకూడదని గబగబా కొంగు కప్పాను. చూడనే చూసింది. నా చేతిలోంచి కాయితాలు తీసుకుని, మూలలు సరిచేసి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇంటికి పోయినంక ఇంకోటి చెయ్యి పిల్లా. ఈపారి లోతెంతనో నేను చెప్త."