హీర్‌పోర్ ఎక్కుడులో ఆగిపోయే లారీ

షోపియాన్ బజారులో ఒకప్పుడు సుల్తాన్ అహంగర్ చెవిమీద పందేలు కాసేవాళ్లు. లారీ ఇంకా వంతెన దాటకముందే, చేతిలోని టీ గిన్నె కింద పెట్టకుండా, "రెండో సిలిండరు సరిగా మండటం లేదు" అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. తండ్రి గుర్రాలకు లాడాలు కొట్టిన కొలిమి పాకలోనే లారీల పని మొదలుపెట్టి, యాభై ఏళ్లుగా అందరిచేతా 'వస్తా' అని పిలిపించుకున్నాడు. పనితనానికి అక్కడ ఇచ్చే బిరుదు అది. డబ్బుతో రాదు, ఒకసారి పోతే తిరిగీ రాదు.

ఆ ఆపిల్ సీజనులో ఫయాజ్ గనాయి పాత లారీ మూడోసారి అతని పాక ముందుకొచ్చి ఆగింది. జబ్బు మాత్రం మొదటిసారిదే. సరుకుతో హీర్‌పోర్ దాటి కనుమ ఎక్కుతుంటే ఇంజనుకు డీజిల్ అందదు, ఊపిరి తెగినట్టు ఆగిపోతుంది. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది. మొదటిసారి సుల్తాన్ ఫిల్టరు మార్చాడు. రెండోసారి ఫీడ్ పంపు విప్పి వాషర్లన్నీ కొత్తవి వేశాడు. రెండుసార్లూ చివర్లో అలవాటు కొద్దీ పైపులోంచి ట్యాంకు వైపు గాలి కొట్టాడు. రెండుసార్లూ నాలుగు రోజులు బాగా నడిచి అయిదో రోజు ఆగింది.

ఎవడి పేరైనా చెడుతోందంటే ఆ బజారుకు ఉప్పు టీ కూడా తియ్యగా ఉంటుంది. టైర్ల కొట్టు గనీ గట్టిగానే అన్నాడు.

"వస్తా, ఈసారి నీ చెవికి కూడా ఒక ఫిల్టరు మార్చించుకోరాదూ?"

"మారుస్తాలే గనీ. ముందు నీ నోటికి పంక్చరు వెయ్యనీ."

అందరూ నవ్వారు. సుల్తాన్ కూడా నవ్వాడు. కానీ ఆ ఉదయమే అతను మనసులో ఒక మాట అనుకుని ఉన్నాడు. ఈసారి దొరక్కపోతే పాక తాళంచెవి మేనల్లుడి చేతిలో పెట్టేయాలి. చేతులు ఎలాగూ వణుకుతున్నాయి. చెవి కూడా పోయిందంటే ఇక మిగిలింది గడ్డం ఒక్కటే.

డీజిల్ పైపుకు ఒక ప్రెషర్ మీటరు బిగించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఫయాజ్ పక్కన కూర్చున్నాడు.

"పోనీయ్ నాయనా. ఆగేచోటికే పోనీయ్."

చదును రోడ్డుమీద మీటరు ముల్లు నిక్కచ్చిగా నిలబడింది. ఎక్కుడు మొదలయ్యాక, రెండో మలుపు దగ్గర, మెల్లగా దిగసాగింది.

"గాలి పట్టిందంటావా వస్తా?"

"గాలైతే ముల్లు వణకాలి. ఇది చూడు, కునికిపాట్లు పడేవాడి తలలాగా వాలిపోతోంది."

ఇంజను ఆగింది. ఒక సిగరెట్టు కాలేంతసేపు కూర్చుని మళ్లీ తిప్పితే ముల్లు లేచి నిలబడింది. సుల్తాన్ దిగి, డబ్బాలో డీజిల్ పోయించి, క్యాబిన్ పైన కట్టించి, ట్యాంకును వదిలేసి నేరుగా దాన్నుంచే పంపుకు పైపు పెట్టాడు. వెనక్కి దిగి అదే ఎక్కుడు మళ్లీ ఎక్కారు. రెండో మలుపు దాటారు, మూడోదీ దాటారు. ముల్లు కదల్లేదు.

"పంపు మంచిదే. ఫిల్టరూ మంచిదే. ట్యాంకులో ఏదో ఉంది" అన్నాడు సుల్తాన్. "పీల్చినంతసేపూ పైపు మూతికి అతుక్కుంటుంది. పీల్చడం మానగానే వదిలేస్తుంది. నేను గాలి కొట్టినప్పుడల్లా దూరంగా పోయింది. నాలుగు రోజులకు మళ్లీ దారి వెతుక్కుంటూ వచ్చింది."

"మూత దగ్గర జాలీ నేనే పీకేశా వస్తా, డీజిల్ తొందరగా దిగుతుందని. కానీ ఏం పడుతుంది అందులో?"

ఫయాజ్ ఇల్లు హీర్‌పోర్‌లోనే. లారీని వాళ్ల వాకిట్లోనే ఆపారు. డీజిల్ దించడానికి పీపా కావాలని ఫయాజ్ పక్కింటికి వెళ్లాడు. ఈలోగా సుల్తాన్ తన దగ్గరున్న డబ్బాలోకే కొంత దించి, వంచిన తీగ లోపలికి పోనిచ్చి కెలికాడు. తీగకు చిక్కుకుని ఒకటి వచ్చింది. తర్వాత మరొకటి. మొత్తం నాలుగు. మైనపుగుడ్డలో చుట్టి, నల్లదారంతో కుట్టిన తాయెత్తులు. మైనం కరిగి గుడ్డ నానిన రొట్టెలా మెత్తబడింది.

తల ఎత్తాడు. గడపలో ఫయాజ్ తల్లి రహతీ నిలబడి ఉంది. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, ఇవి..."

"వసంతంలో మావాడు మంచుమీద జారి లోయ అంచున ఆగాడు కదా తమ్ముడూ. పీర్ సాబ్ దగ్గరకెళ్లి తెచ్చా. మెడలో కట్టబోతే 'నేనేమన్నా దూడనా' అన్నాడు. జబ్బు మనిషికైతే తాయెత్తు నీళ్లలో వేసి తాగిస్తాం. మరి బండి తాగేది డీజిలే కదా?"

"మిగతా మూడు?"

"ఆగినప్పుడల్లా మందు చాలలేదనుకున్నా." ఆమె గడప దిగి దగ్గరకొచ్చింది. "నా వల్లేనా ఆగింది? నా కొడుకును దారి మధ్యలో నిలబెట్టింది నేనేనా?"

సుల్తాన్ చేతిలోని తాయెత్తుల్లోంచి డీజిల్ పిండాడు. అతని భార్య జూనీ బిడ్డ కోసం పదకొండేళ్లు తాయెత్తు నీళ్లు తాగింది. ఒకరోజు అతను, "నీళ్లకు సిరా రంగు తప్ప ఇంకేం వస్తుందే" అని నవ్వాడు. ఆ తర్వాత ఆమె అతనికి కనిపించకుండా తాగింది. పోయేదాకా అతని ముందు మళ్లీ ఆ గిన్నె ఎత్తలేదు. బజారంతా మెచ్చుకున్న ఆ చెవికి ఆ ఒక్క నిశ్శబ్దం మాత్రం చాలా ఆలస్యంగా వినిపించింది.

"ఇంజను తాగినంత తాగింది అక్కా" అన్నాడు మెల్లగా. "ఇంక ఇది నడిపేవాడి నెత్తిమీద ఉండాలి. ఎండబెట్టి, కొత్తగుడ్డలో కుట్టి, సీటు పైన కట్టు. దూడకు కట్టినట్టు కాదు, దీపం వేలాడదీసినట్టు."

ఫయాజ్ పీపా దొర్లించుకుంటూ వచ్చేసరికి తాయెత్తులు రహతీ ఒడిలో ఉన్నాయి. సుల్తాన్ చేతిలో తన నూనె గుడ్డ, డీజిల్‌లో ముంచింది, కారుతోంది.

"దొరికిందా వస్తా? ఏంటది?"

"గుడ్డ. నాదే. పోయినేడు ట్యాంకు కడిగినప్పుడు వదిలేసినట్టున్నా."

ఫయాజ్ పీపా నిలబెట్టాడు. పెద్దవాణ్ణి ఏమంటాడు? "పోన్లే వస్తా" అన్నాడు. రహతీ ఏదో అనబోయింది. సుల్తాన్ ఆమె వైపు చూడకుండా, "అక్కా, టీ పెట్టవా?" అన్నాడు.

బజారులో ఆ మాట లారీకంటే ముందే దిగింది.

"మూడుసార్లు జబ్బు వెతికి, చివరికి తన గుడ్డే పట్టుకున్నాడట!" అన్నాడు గనీ. సుల్తాన్ తల ఊపి, పానాలు తుడుచుకున్నాడు. పాక తాళంచెవి మాత్రం రోజూలాగే జేబులోనే పెట్టుకున్నాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం వంతెన అవతల లారీ మోత వినపడింది. సుల్తాన్ తల ఎత్తలేదు.

"ఫయాజే. క్లచ్ జారుతోంది" అన్నాడు.

లారీ వచ్చి ఆగింది. ఫయాజ్ దూకి, "వస్తా, కనుమ రెండుసార్లు ఎక్కింది, ఒక్కచోట ఆగలేదు. కానీ ఈ క్లచ్ సంగతి కాస్త..." అన్నాడు. గనీ టీ గిన్నె కింద పెట్టి, టైర్లు లెక్కపెట్టుకునే పని కల్పించుకున్నాడు.

సీటు పైన ఎర్రగుడ్డలో కుట్టిన నాలుగు తాయెత్తులు ఇంకా ఊగుతున్నాయి. ఫయాజ్ చిన్న పొట్లం తీసిచ్చాడు.

"అమ్మ పంపింది. నీ చేతులు వణుకుతున్నాయట కదా. ఇది కట్టుకునేది కాదట, తాగేదట. ఎందుకో నాకు చెప్పలేదు."

మైనం లేదు, గుడ్డ లేదు. మడిచిన చిన్న కాగితం, దానిమీద కుంకుమపువ్వు సిరా. సుల్తాన్ దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

"గనీ" అని కేకేశాడు. "ఒక గిన్నెడు నీళ్లు ఇటు పంపు. శుభ్రమైన గిన్నెలో."