ఆయనకి చూపించని బొమ్మ

నేను గోడల మీద రాసేవాణ్ణి. ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాకా రోడ్డుకి రెండు పక్కలా పురుగుమందుల ప్రకటనలు, పత్తి విత్తనాల ప్రకటనలు, కిరాణా కొట్ల బోర్డులు, ట్రాక్టర్ ట్రక్కుల వెనక పిల్లల పేర్లు... తొంభైల చివర్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏది రాయించుకోవాలన్నా నాకే కబురు వచ్చేది. అక్షరం విషయంలో నాకు పొగరు ఉండేది, ఉన్నమాట చెప్పుకోవాలి. 'ళ'కి వంపు తిప్పడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడనుకునేవాణ్ణి. కానీ నా మనసంతా మనుషుల బొమ్మల మీదే. గోడల పనిలో మనిషి ఎక్కడ దొరుకుతాడు? మహా అయితే విత్తనాల గోడ మీద పగిలిన పత్తికాయ వేయమనేవాళ్ళు. పురుగుమందు గోడ మీదైతే పురుగు, అదీ చచ్చిన పురుగు.

ఈ పిచ్చి నాకు అంటించింది ఒక చిత్రకారుడు. వారపత్రికల్లో కథలకి బొమ్మలు వేసేవారు. ఆయన గీసిన ఆడమనిషి బిందె చంకనెత్తుకుంటే ఆ బరువు మన నడుముకి తెలిసేది. నాలుగే గీతలు, మీద పల్చగా నీటిరంగు, అంతే. మా అక్క కథ చదవడం పూర్తికాకముందే నేను బ్లేడు పెట్టి ఆ బొమ్మ కోసేసేవాణ్ణి. దాని వెనక పేజీలో ఇంకో కథ ముగింపు ఉండేది, అదీ బొమ్మతో పాటే వచ్చేసేది.

"ఒరేయ్, ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో ఇప్పుడు నాకెవడు చెబుతాడ్రా?" అని అక్క జుట్టు పట్టుకుని వంగదీసేది. దెబ్బలు తింటూనే బొమ్మని మాత్రం నలగనిచ్చేవాణ్ణి కాదు.

రెండువేలు దాటిన రెండు మూడేళ్ళకి గుంటూరులో ఫ్లెక్సీలు దిగాయి. నేను మూడు రోజులు ఎండలో నిలబడి రాసేది ఆ మిషను అరగంటలో కక్కేసేది. ముందు పెళ్ళి బ్యానర్లు పోయాయి, తర్వాత కొట్ల బోర్డులు, ఆ తర్వాత విత్తనాల కంపెనీవాళ్ళు కూడా కనపడటం మానేశారు. నాతో పాటు గోడలెక్కిన స్నేహితుడొకడు ఫ్లెక్సీ షాపు పెట్టుకుని నన్ను రమ్మన్నాడు. "కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు సర్దటమేరా, ఫ్యాన్ కింద పని" అన్నాడు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

సరిగ్గా అప్పుడే బ్రష్షులు కొనే షాపులో ఒక కాగితం చేతికిచ్చారు. ఆయన గుంటూరు వస్తున్నారట. మూడు రోజుల పాటు ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి నీటిరంగుల్లో వేయడం నేర్పిస్తారట. ఆ కాగితం పట్టుకుని షాపు మెట్ల మీదే నిలబడిపోయాను. ఒకటే నిర్ణయించుకున్నాను. నాకు మనిషి బొమ్మ వస్తుందా రాదా అన్న ఒక్క మాట ఆయన నోటి నుంచి వినాలి. వస్తుందంటే ఎన్ని తిప్పలు పడైనా బొమ్మలే వేసుకుంటాను. రాదంటే ఆ మర్నాడే ఫ్యాన్ కిందకి వెళ్ళిపోతాను. నా బతుకుని ఒకరి నోట్లో పెట్టడం తెలివితక్కువ పనే. కానీ అప్పుడు నాకు ఇంకెవరి మాట మీదా నమ్మకం లేదు.

ఒక స్కూలు మేడ మీద హాల్లో ముప్పై మందిమి చేరాం. డ్రాయింగు మాస్టార్లు, కాలేజీ అమ్మాయిలు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక డాక్టరు గారి భార్య. గోళ్ళలో ఎనామిల్ రంగు ఇరుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన లోపలికొచ్చారు. ఆజానుబాహువు అయ్యుంటారని పదిహేనేళ్ళుగా ఊహించుకున్నాను. తీరా చూస్తే నా భుజం దాకా వస్తారు. బుగ్గన లవంగం, చేతిలో నీళ్ళ సీసా. నమస్కారం పెడదామని లేచి, పెట్టకుండానే మళ్ళీ కూర్చున్నాను.

"నీటిరంగుల్లో తెలుపు ఉండదండీ, కాయితమే తెలుపు. ఎక్కడ రంగు వేయకూడదో ముందు ఆలోచించుకుని అప్పుడు బ్రష్షు ముంచండి" అన్నారు. 

విన్నాను. బుద్ధిగా తల కూడా ఊపాను. ఊపి ఏం చేశానంటే, వెడల్పాటి బ్రష్షు తీసి కాయితం మొత్తానికి ఈ చివర నుంచి ఆ చివరిదాకా లేత గోధుమరంగు పట్టించేశాను. గోడ పనిలో ముందు గోడంతా ఒకే రంగు కోటింగు పడకుండా ఎవడూ గీత గీయడు. పన్నెండేళ్ళుగా అదే చేసిన చెయ్యి, నన్నడక్కుండానే చేసేసింది. ఎక్కడా తెల్లటి చోటు లేకుండా పోయింది.

ఆయన వచ్చి నా వెనక ఆగారు. "ఏంటండీ, గోడకి వెల్లవేశారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెవులు మాత్రం కాలిపోయాయి.

"మీరు గోడల మీద రాస్తారా?"

"అవునండి."

"అందుకే" అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ 'అందుకే'లో ఏముందో బస్సు దిగి ఇల్లు చేరేదాకా తిప్పి తిప్పి చూసుకున్నాను. దయ ఉన్నట్టూ అనిపించింది, కొట్టిపారేసినట్టూ అనిపించింది.

రెండో రోజు మా ముందు కూర్చోవడానికి ఒక ముసలావిడని తీసుకొచ్చారు. మిర్చి యార్డులో కాయలకి తొడిమలు తీసే మనిషి. అరవై దాటి ఉంటాయి. ముక్కుకి పెద్ద రాళ్ళ బేసరి, ముంజేతి మీద పచ్చబొట్టు. ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చోగానే ముందు వరసలోవాళ్ళు తుమ్మడం మొదలుపెట్టారు. చీరలోంచి మిరపకాయ ఘాటు ఫ్యాను గాలికి హాలంతా తిరిగింది. డాక్టరు గారి భార్య ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. మా గుంటూరువాళ్ళకే ఘాటు పడకపోతే ఇంకెవరికి పడుతుందని నాకు చిరాకేసింది. అంతలో నేనూ తుమ్మాను.

ఆవిడకి ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఒళ్ళో చేతులు వాటంతటవే కదులుతుండేవి, కనపడని తొడిమలు తుంచుతూ. చివరికి ఆయనే ఒక చాటలో కాసిని కాయలు తెప్పించి ఒళ్ళో పెట్టించారు. అప్పుడు ఆవిడ భుజాలు దిగాయి, మొహం కుదుటపడింది. ఆ ఒక్క పనికి ఆయన మీద నా గౌరవం ఇంకో బారెడు పెరిగింది.

నా బొమ్మ మాత్రం నాశనమైంది. చెంప మీద మొదటిసారి పడిన రంగు బాగానే ఉంది. ఎనామిల్ అయితే రెండో కోటింగుతోనే కదా నిగ్గు తేలేది. తడి ఆరకముందే మళ్ళీ వేశాను, బురదైంది. సరిచేద్దామని మూడోసారి వేశాను, కాయితం పొట్టు లేచింది. ఆయన చూసి, "ఒకసారి వేశాక చెయ్యి వెనక్కి తీసుకోవాలండీ. మిగతాది నీళ్ళే చూసుకుంటాయి" అన్నారు. వేయడం తెలిసినవాడికి వెనక్కి తీసుకోవడం ఎవరు నేర్పాలి?

మూడో రోజు మధ్యాహ్నం మీదే ఆశ పెట్టుకున్నాను. భోజనాలయ్యాక ఆయన అందరి ముందూ ఆవిడ బొమ్మ మొదటి నుంచి చివరిదాకా వేసి చూపిస్తారు. తర్వాత ఒక్కొక్కరి పక్కనా కాసేపు కూర్చుని వాళ్ళ బొమ్మ చూస్తారు. నా వంతు వచ్చినప్పుడు అడగాల్సిన మాట పెరుగన్నం తింటూ మనసులో వల్లె వేసుకున్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే ఈ క్లాసులు పెట్టించిన సంఘం కార్యదర్శి గారు వచ్చారు. సర్టిఫికెట్లు అచ్చై వచ్చాయట, పేర్ల చోట చుక్కలే ఉన్నాయట. సాయంత్రం సభలో పంచాలి. "మీరు చెయ్యి తిరిగినవారట కదా, కాస్త రాసిపెట్టండి."

"క్లాసు అయ్యాక రాస్తానండి."

"అయ్యాక ఎక్కడండీ, ఆయన సంతకాలు పెట్టొద్దూ?"

కాదని నేను గొణుగుతుంటే కార్యదర్శి గారు వెళ్ళి ఏకంగా ఆ మహానుభావుణ్ణే వెంటబెట్టుకొచ్చారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "మీరు రాసిపెడితే నేను సంతకం పెడతానండీ" అన్నారు. బ్లేడుతో కోసుకున్న ప్రతి బొమ్మనీ గీసిన చెయ్యి అది. వద్దని ఎలా అంటాను?

పక్క గదిలో బల్ల మీద ముప్పై కాయితాలు పెట్టుకుని కూర్చున్నాను. గోడ అవతల ఆయన గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. మధ్యలో ఒక్కసారిగా అందరూ "ఆహా" అన్నారు. ఏం జరిగిందో! బేసరి దగ్గర తెలుపు వదిలారా? కన్ను పెట్టారా? నేను మాత్రం ఎవరి పేరుకో కొమ్ములు పెడుతున్నాను. ఒకావిడ ఇంటిపేరు, పేరు, చదువు అన్నీ కలిపి రెండు వరసలు వచ్చింది, ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. అయినా చెయ్యి వంకర పోలేదు. దిక్కుమాలిన పొగరు, ఏడుస్తూ కూడా 'ళ'ని అందంగానే తిప్పింది. ఆఖర్న నా పేరు రాసుకున్నాను.

బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది. అందరూ కింద షామియానా దగ్గరికి సభకి దిగిపోయారు. ఆయన వేసిన బొమ్మ కూడా కిందకే తీసుకెళ్ళారు. హాల్లో ఆ ముసలావిడ ఒక్కతే టిఫిన్ క్యారియర్ గుడ్డలో మూట కట్టుకుంటోంది.

"అమ్మా, ఇంకాసేపు కూర్చుంటావా?"

"ఇంకానా నాయనా? ఇంతమంది ఏశారు గదా నా బొమ్మ!"

"నాది మిగిలిపోయింది."

నా మొహంలో ఏం కనపడిందో గానీ ఆవిడ మూట కింద పెట్టి కూర్చుంది. "బస్సెళ్ళిపోద్ది, తొరగా కానీ" అంది.

చాట లేదు. చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి, చూపు కిటికీలోంచి రోడ్డు మీదకి పోయింది. పెన్సిలు పట్టుకోలేదు. గోధుమరంగులో కాస్త ఎరుపు కలిపి నుదుటి నుంచి మెడదాకా ఒక్క ఊపున వదిలాను. చెంప ఎముక మీద, బేసరి దగ్గర కాయితం అలాగే ఉండనిచ్చాను. కంటి కింద నీలం ఒక చుక్క తాకించగానే అది తనంతట తనే దవడ దాకా పాకి ఆగింది. కింద మైకులో పేర్లు పిలుస్తున్నారు, నా పేరు కూడా పిలిచారు. ఇంకోసారి దిద్దుదామని చెయ్యి లేచింది. బ్రష్షుని పళ్ళ మధ్య కరిచిపట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. కాయితం మీద ఆవిడ బస్సు కోసం చూస్తోంది. అది నేను వేసిన బొమ్మంటే నాకే నమ్మకం కలగలేదు.

కింద చప్పట్లయ్యాయి. కారు స్టార్టయిన చప్పుడు. తడి ఆరని బొమ్మని కింది అట్టతో సహా రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకుని మెట్లు దిగాను. ఆయన గేటు దగ్గర ఉన్నారు, చుట్టూ జనం. నన్ను చూసి ఆయనే రెండడుగులు ఇటు వేశారు.

"ఆ పేర్లు రాసింది మీరేగా? ఎంత బాగా రాశారండీ! వాటి పక్కన నా సంతకమే వికారంగా ఉంది. ఇంత మంచి చెయ్యి నేను ఈ మధ్య చూళ్ళేదు."

పదిహేనేళ్ళు ఎదురుచూసిన మెప్పు అది. నేను కోరుకున్న దానికి రాలేదు గానీ వచ్చింది. ఇప్పుడు ఈ బొమ్మ చూపిస్తే? "అందుకే" అంటే? ఇచ్చినదాన్ని కూడా వెనక్కి తీసుకుంటే? అట్టని మెల్లగా నా గుండెల వైపు వాల్చుకున్నాను.

"ఏంటది?" అన్నారు.

"ఏం లేదండి. అట్ట."

ఆయన నవ్వి కారెక్కారు.

పైకెళ్ళాను. ఆవిడ చూపించమంది. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. "అచ్చం మా అమ్మలాగా అయిపోయానే" అంది. తర్వాత, "నాకిస్తావా నాయనా? ఎవరి బొమ్మలు ఆళ్ళు పట్టుకుపోయారు" అంది. ఇచ్చేశాను. వార్తాపత్రికలో చుట్టి చంకలో పెట్టుకుని బస్సుకి పరుగెత్తింది. ఏ ఊరని కూడా అడగలేదు.

ఆ నెలలోనే ఫ్లెక్సీ షాపులో చేరాను. ఆ బొమ్మ మళ్ళీ ఒక్కసారి చూడాలని యార్డుకి రెండుసార్లు వెళ్ళాను. అక్కడ వందలమంది ఆడవాళ్ళు ఘాటుకి మొహాలకి గుడ్డలు కట్టుకుని కళ్ళు మాత్రం కనపడేలా కూర్చుని ఉన్నారు. నేను వెతుకుతుంటే అందరూ తలెత్తి చూశారు, ఎవరూ ఆవిడలా లేరు, అందరూ ఆవిడలాగే ఉన్నారు. కొన్నేళ్ళకి ఆయన పోయారని పేపర్లో చదివాను. నిజంగా అది అంత బాగా వచ్చిందా, లేక నాకలా గుర్తుండిపోయిందా చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

ఆ కారు ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆగింది. ఆయన అడిగారు కూడా.