కట్టిన అంటు విప్పి చూడకే

అందరూ ఎలా ఉన్నారు? పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ ముసురులో పసిపిల్లలకు జలుబులేవీ రాలేదు కదా? బాలింతలు వేళకు తింటున్నారా? అడక్కుండా ఉండలేను, నా గుండె అలాంటిది. అందులోనూ పోయినవారం ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగినప్పటినుంచి మరీను. మా మేస్త్రమ్మగారు నిద్రలోనే పోయారు.

కడియం నర్సరీలో మా ఆడకూలీలందరికీ ఆవిడే పెద్ద. నాది సంచుల్లో మట్టి నింపే పని. అన్నం వేళకు మాత్రం క్యారేజీ పట్టుకుని మొక్కలకు అంట్లు కట్టేవాళ్ల దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. ఆవిడ కనిపెట్టేశారు.

“ఏమే, చేతులు మట్టిలో, కళ్లు అంట్ల మీదానా? ఏం కావాలే నీకు?”

“ఉన్న పని పోకపోతే చాలండి.”

“అది కడుపు మాట. మనసు మాటేంటో చెప్పు.”

అంతవరకూ నన్నెవరూ అలా అడగలేదు. నా చేత్తో కట్టిన మామిడంట్లు నా పెరట్లో పెట్టి అమ్ముకోవాలని ఉందని చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నడుముకు దోపుకున్న చాకు తీసి నా చేతిలో పెట్టారు.

“అయితే రేపట్నుంచి మట్టి కూడా దానికోసమే నింపు. ఏ మట్టిలో ఏ మొక్క బాగుంటుందో చూసుకుంటా నింపు.”

అదే మట్టి, అవే సంచులు. మర్నాటినుంచి నడుం నొప్పి తెలియలేదు.

నాటు మొక్క మీద మంచిజాతి పుల్ల పెట్టి, ప్లాస్టిక్ పట్టీ చుట్టడం నేర్పారు. కట్టిందల్లా ఎండిపోయేది. అతుక్కుందో లేదో అన్న బెంగతో నేను రోజూ పట్టీ విప్పి చూసేదాన్ని మరి!

“పొయ్యి మీద అన్నమనుకున్నావా, మూత తీసి చూడ్డానికి?” అని తిట్టి, తరవాత కట్టినదాన్ని ఎక్కడో దాచేశారు.

“ఎక్కడ పెట్టారండి?”

“చెప్పను. నీ చేతులు ఊరుకోవు.”

కొన్ని వారాలకు తెచ్చి నా ముందు పెట్టారు. రాగిరంగు చిగురు, చంటిపిల్ల చెవంత మెత్తగా ఉంది.

ఆ ధైర్యంతోనే పెరట్లో నా అంట్లకు పందిరి వేసుకున్నాను. వానకు కుళ్లిపోతాయేమో, ఎవరూ కొనరేమోనని నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట: “కట్టేశావుగా. విప్పి చూడకే.” ఆ పందిరి కిందే నా బతుకు గడిచింది. భయం పోలేదు, పని ఆగలేదు.

నిన్న వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. “పిన్నీ, పోయే ముందువారం అమ్మ నీకోసమని ఒక అంటు కట్టింది. నీడలో పెట్టాను. బతికిందో లేదో పట్టీ విప్పి చూడనా?”

“వద్దమ్మా,” అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. “నీళ్లు చిలకరించి ఊరుకో. ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకు వస్తున్నాను.”