ఐగుప్తు సైన్యంలో మా అత్త

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నా ఒంటినిండా ఉన్నది సిగ్గొక్కటే. చెప్పులకు సిగ్గు, టిఫిన్ డబ్బాకు సిగ్గు, ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే సిగ్గు, తెలుగులో పలకరిస్తే "నాకు ఇంగ్లీషు రాదని కనిపెట్టేశారు కాబోలు" అని ఇంకాస్త సిగ్గు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, ఏడు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసులో, సెల్‌ఫోన్ ఆటలకు బొమ్మలు గీసే ఉద్యోగం దొరికింది. కింద పిల్లలు సూత్రాలు వల్లె వేస్తుంటే పైన మేము రాక్షసులకు కోరలు దిద్దేవాళ్ళం. (కరెంటు పోతే రెండు అంతస్తులూ కలిసి ఒక్కసారే "హమ్మయ్య" అనేవి.)

నన్ను పెంచింది మా మేనత్త. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న దర్శి వైపు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉన్న అత్త, ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి, ఎవరినీ ఏమీ అడక్కుండా నన్ను చంకనేసుకుని గుంటూరు తెచ్చేసుకుంది. మిర్చి గోడౌన్లలో కాయలకు తొడిమలు తీయడం ఆవిడ పని. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకో తువ్వాలు, ముక్కుకూ నోటికీ అడ్డంగా ఇంకో గుడ్డ, వేళ్ళకు పాత చీర పేలికలు. సాయంత్రం ఆటో దిగితే రెండు కళ్ళు తప్ప మనిషి కనపడేది కాదు. ఆవిడ ఇంట్లోకి వస్తూనే ఆ ఘాటుకు నేను తుమ్మేదాన్ని. "ఆ తుమ్ములతోనే డిగ్రీ దాకా వచ్చావు, తుమ్ము" అనేది. ఆవిడ గొంతు వీధి మొదట్లో వినపడితే వీధి చివర గేదె తల తిప్పేది. తిట్టకుండా అన్నం పెట్టిన రోజు నాకు గుర్తులేదు.

మా ఆఫీసు యజమానిని అందరం ఫీడ్‌బ్యాక్ సార్ అనేవాళ్ళం. పాపం, ఏ మాట మొదలుపెట్టినా "క్లయింట్ ఫీడ్‌బ్యాక్ ఏంటంటే" అనే మొదలుపెట్టేవారు. ఆ ఏడు ఒక విదేశీ కంపెనీ మాకు పెద్ద పని ఇచ్చింది. ఈజిప్టు ఇసుక కింద పూడిపోయిన ఒక రాజ్యం, వేల ఏళ్ళ కిందట చచ్చిపోయిన రాజు, ఆయన లేవగానే గుడ్డలు చుట్టిన ఒంటితో సమాధుల్లోంచి లేచొచ్చే సైన్యం. వాళ్ళకు ఎదురుగా ఎడారిలో పుట్టిన భూతాలు: నక్క తల ఉన్నవి, మొసలి నోరు తేలు తోక ఉన్నవి, ఎద్దులంత పేడపురుగులు. భూతాలన్నీ పిడుగురాళ్ల నుంచి వచ్చిన కుర్రాడికి ఇచ్చారు. (అక్కడి సున్నం బట్టీల పక్కన పుట్టాడు కాబట్టి వాడి పేరు సున్నం. అసలు పేరు జీతం రోజున మాత్రమే వినపడేది.) సైన్యం నాకు వచ్చింది.

ఆ సంగతి ఇంట్లో చెబితే అత్త చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. మా చర్చిలో చిన్నప్పటి నుంచీ విన్న ఐగుప్తు తప్ప ఆవిడకు వేరే ఈజిప్టు తెలీదు.

"ఐగుప్తోళ్ళ బొమ్మలా? దేవుడి జనం చేత ఇటుకలు తీయించినోళ్ళు కదే! వాళ్ళ తరఫున గీస్తున్నావా?"

"తరఫు కాదు అత్తా, ఆట."

"ఆటయితే దేవుడు వాళ్ళ మీదికి పంపిన మిడతల్ని గీయి, కప్పల్ని గీయి. వాళ్ళ రాజు ఫరో మంచం మీద కప్ప ఎక్కినట్టు గీయి, నేను చూస్తా."

నేను కప్పలు గీయలేదు. పన్నెండు మంది సైనికుల్ని గీశాను, ఒక్కొక్కరికీ తెల్లటి పట్టీలు నీటుగా చుట్టి. వారం తర్వాత ఫీడ్‌బ్యాక్ సార్ నా కుర్చీ పక్కన నిలబడ్డారు. "క్లయింట్ ఫీడ్‌బ్యాక్ ఏంటంటేనమ్మా... ఈ సైనికులందరికీ ఏ యాక్సిడెంట్ అయిందని అడుగుతున్నారు." సున్నం వచ్చి తెర చూసి, "ఎముకల వార్డు, రెండో అంతస్తు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ గీశాను. ఈసారి పెళ్ళికి సామాను కట్టినట్టుందన్నారు. మూడోసారి కూడా కుదరకపోతే ఆ పని నా దగ్గర్నుంచి తీసేస్తారని అర్థమైంది. పని తీసేయడమంటే ఆ ఆఫీసులో మనిషిని తీసేయడమే.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఏడుపు ఆపుకుంటుంటే ఆటో ఆగింది. అత్త దిగింది. ఎండ వెనక నుంచి పడుతోంది. చొక్కా అంచుల మీద, తువ్వాలు ముడి మీద ఎర్రటి దుమ్ము. మధ్యలో రెండు కళ్ళు, ఎవరినీ లెక్కచేయనివి. చటుక్కున లోపలికి పరిగెత్తి కాగితం తెచ్చుకున్నాను. "ముసుగు తీయకు అత్తా, అట్టాగే నిలబడు!" అంటే, "ఒళ్ళు మండిపోతుంటే నిలబడమంటదేందే ఇది" అని తిడుతూనే, నేను గీసినంతసేపూ కదలకుండా నిలబడింది.

ఆ బొమ్మ చూసి విదేశం నుంచి కంపెనీవాళ్ళు రాసిన ఉత్తరంలో మెచ్చుకోలు మాటలు నేను ఎనిమిదిసార్లు చదువుకున్నాను. ఈ గుడ్డ కట్టు ఎక్కడా చూడలేదు, ఇది కట్టుకునే తీరూ, కట్టుకున్న మనిషి నడకా వీడియో తీసి పంపగలరా అని అడిగారు. ఫీడ్‌బ్యాక్ సార్ అందరిముందూ, "ఎవరమ్మా మోడల్?" అన్నారు. అత్త అని చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుగురు నావైపే చూస్తున్నారు. వాళ్ళ నాన్నల్లో లెక్చరర్లున్నారు, బ్యాంకు ఆఫీసరున్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మా వీధి చివర ఒకావిడండీ. మిర్చి పనికి వెళ్తుంది."

ఆ మాట అత్తకు చెప్పలేదు. ఎలా చెబుతాను? "శనివారం మా ఆఫీసుకు రా, వీడియో తీస్తారు" అని మాత్రం అన్నాను. ఆవిడ శుక్రవారమే ఆ మురికి చొక్కా ఉతికి ఆరేసింది. (దుమ్ము ఉంటేనే బాగుంటుందని నేనంటే, "పది మంది ముందుకు మాసిన గుడ్డలతో వస్తానా, నీకు నామర్దా కదే" అంది. అప్పుడైనా చెప్పాల్సింది.)

శనివారం మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుంటూ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే ఫీడ్‌బ్యాక్ సార్ ఎదురెళ్ళారు. "రండమ్మా, రండి. మా అమ్మాయి చెప్పింది, వాళ్ళ వీధి చివర ఉంటారటగా."

అత్త నా వైపు చూసింది. ఎంతోసేపు కాదు, ఒక కాయ తొడిమ తుంచేంతసేపు.

"అవునండీ," అంది. "వీధి చివరేనండీ. ఈ అమ్మాయిగారు రోజూ మా ముందునుంచే ఆఫీసుకెళ్తారు."

ఆ తర్వాత జరిగిందంతా మా ఆఫీసు చరిత్రలో గొప్ప వినోదం. సున్నం ప్రింటర్ వచ్చిన అట్టపెట్టెతో నక్క తల చేసుకుని తగిలించుకున్నాడు. అత్త చేతికి కత్తి బదులు నేల తుడిచే కర్ర ఇచ్చారు. "ఈ నక్క భూతం మీదికొస్తుందమ్మా, మీరు కొట్టాలి" అంటే, "ఏ మాత్రం కొట్టమంటారండీ?" అని వినయంగా అడిగింది. "నిజంగా కొట్టినట్టుండాలి" అన్నారు సార్, పాపం తెలియక. అత్త కొంగు బిగించి, "ఏరా నక్కోడా!" అని ఒక్క కేక పెట్టింది. కర్ర లేవడం కనపడింది గానీ దిగడం కనపడలేదు. అట్టపెట్టె రెండు ముక్కలై, లోపలి భూతం "అమ్మో" అంటూ మెట్ల మీదుగా కిందికి పారిపోయింది. కోచింగ్ పిల్లలు సూత్రాలు ఆపి బయటికొచ్చి చూశారు. ఇసుక తుపానులో నడవమంటే ఎవరూ ఏమీ నేర్పకుండానే నడుం వంచి, కళ్ళు సన్నం చేసి, ఒక భుజం ముందుకు పెట్టి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. నవ్వుతున్న వాళ్ళందరూ ఆగిపోయారు. "ఎలా తెలుసమ్మా ఇది?" అన్నారు సార్. "గోడౌన్లో కాయ కుప్పలు తిరగేసేటప్పుడు ఇట్టానే నడుస్తామండీ. లేపోతే కళ్ళు పోతయ్."

టీ తెస్తే, "ముందు అమ్మాయిగారికి ఇవ్వండి" అంది. వెళ్ళేటప్పుడు నా కుర్చీ దగ్గర ఆగి, "ఉంటానండీ అమ్మాయిగారూ" అంది. నేను... "మంచిదమ్మా" అన్నాను. ఈ రెండు మాటలు రాయడానికి ఇవాళ కూడా చెయ్యి ఆగింది.

ఆ సాయంత్రం తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్టలేదు. కంచం ముందు పెట్టి, "తినండి" అంది. మర్నాడు, "చర్చికి టైమైందండీ." సోమవారం, "నీళ్ళు కాగినయ్యండీ." నాకు పిచ్చెక్కింది. "తిట్టు అత్తా, కొట్టు, ఇట్టా మాట్లాడకు" అని కాళ్ళ దగ్గర కూలబడితే, "వీధి చివరోళ్ళకి ఆ చనువెందుకుంటదండీ" అని గోంగూర కోసుకుంటూ కూర్చుంది.

మంగళవారం ఆఫీసుకు వెళ్ళి, సంచి కూడా దించకుండా సార్ గదిలోకి వెళ్ళాను. "సార్, ఆవిడ మా అత్త. నన్ను పెంచింది ఆవిడే. అబద్ధం చెప్పాను" అని ఒక్క గుక్కలో అనేశాను. ఆయన తల ఎత్తకుండానే, "తెలుసమ్మా" అన్నారు. కంప్యూటర్ నా వైపు తిప్పి వీడియో పెట్టారు. కర్ర లేస్తోంది, తెర బయట నుంచి నా గొంతు: "అత్తా, మెల్లగా! వాడు చస్తాడు!" నేను అరిచినట్టు నాకే గుర్తులేదు. గుమ్మంలోంచి సున్నం అన్నాడు, "ఆ దెబ్బ తిన్నది నేను. నాకూ వినపడింది." అంటే మూడు రోజులుగా అందరికీ తెలుసు. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఎవరూ నోరెత్తలేదు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి ఇదంతా చెప్పాను. అత్త గోడకు జారగిలబడి నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఒసేయ్ గాడిదా! అందరికీ తెలిస్తే, ఇన్ని రోజులు 'అండీ అండీ' అని నా నోరు నొప్పెట్టించావా!" మళ్ళీ తిట్లు మొదలయ్యాయి. నా ప్రాణం లేచొచ్చింది. పడుకునే ముందు మాత్రం, గోడవైపు తిరిగి నెమ్మదిగా అంది: "నీ వయసులో సిగ్గేసుద్దిలే, తప్పు కాదు. కానీ ఆ రోజు బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, ఏ కాలిది ఏదో తెలీలేదే నాకు."



ఆట విడుదలైంది. ఆవిడ సైన్యాధిపతి అయింది. నోరు తిరగని పేరు పెట్టారు, ఏడడుగుల ఎత్తు చేశారు. ఫోన్లో చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "నడుం నాది కాదు. నడక నాదే" అని తేల్చేసింది. గోడౌన్లో వాళ్ళందరికీ చూపించుకొచ్చింది. ఒక్కటే ఆవిడకు నచ్చలేదు: "ఎవడో చేతకానోడు ఆడితే నేను ఓడిపోవటమేందే? అన్యాయం కదా అది." రెండేళ్ళకు ఆ ఆట జనం మానేశారు, కంపెనీ ఆపేసింది. ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు, ఇంకా ఎక్కడో గెలుస్తున్నాననే అనుకోనిచ్చాను.

ఆ దగ్గు ఉండిపోయింది. పని మానమని డాక్టర్ చెప్పాడు, నేను చెప్పాను. నా జీతం ఇద్దరికీ సరిపోతుందన్నాక కూడా, "ఇంట్లో కూర్చుంటే ఎవర్ని తిట్టాలి" అని ఇంకో మూడు సీజన్లు వెళ్ళింది. చివరికి వార్డులో మంచమ్మీద, ముఖానికి ఆక్సిజన్ మాస్కుతో, మళ్ళీ రెండు కళ్ళే మిగిలాయి. నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చి, "మీరు ఈవిడకేమవుతారు?" అంది. ఈసారి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కూతుర్ని" అన్నాను గట్టిగా, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేలా.

అత్త మాస్కు పక్కకు లాగింది. "మేనకోడలండీ," అంది నర్సుతో, ఊపిరి కూడదీసుకుని. "నా సంగతి సరిగ్గా చెప్పటం దీనికి ఎప్పుడూ రాదు."

నర్సమ్మ నవ్వింది. నేను నవ్వాను. రెండో రోజు పొద్దున, నేను మొహం కడుక్కుని వచ్చేలోపే అత్త వెళ్ళిపోయింది.

ఇప్పుడు నాకు ముప్పై ఏడు. వేరే ఆఫీసు, నా కింద నలుగురు పిల్లలు బొమ్మలు గీస్తారు. కిందటి నెలలో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో మాటవరసకు, "మీ ఇంట్లో వాళ్ళు ఏం చేసేవాళ్ళు మేడమ్?" అని అడిగింది. అంతే. తొడిమ ఏ వేళ్ళతో తుంచాలో, రంగు పోయి తెల్లబారిన తాలు కాయను ఎలా ఏరాలో, సాయంత్రం చేతులమంటకు కొబ్బరినూనె ఎలా రాసేదాన్నో చెప్పుకుంటూ పోయాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక్క ముక్క చెప్పలేని మనిషికి, ఇప్పుడు ఎక్కడ ఆపాలో తెలీడం లేదు. ఆ అమ్మాయి మర్యాదగా చాలాసేపు విని, చివరికి మొహమాటపడుతూ, "మేడమ్, మీ టీ చల్లారిపోయింది" అంది. "ఫర్వాలేదమ్మా" అని ఆ చల్లారిన టీ తాగుతూనే మిగతాది కూడా చెప్పాను.