తియ్యటి చేపల డబ్బా

ఆ రోజు మా వంటింట్లో రక్తం ఏరులై పారింది. ఏరులంటే మరీ ఏరులు కాదు, ఎడమచేతి బొటనవేలు తెగింది. ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్‌లో నన్నెరిగిన వాళ్లందరికీ మాత్రం ఏడు కుట్లని చెప్పాను. ఆ కుట్లు వేసింది డాక్టరు కాదు, నా నాలుక.

మా కోడలిది స్వీడన్. క్రిస్మస్‌కి వాళ్లమ్మ చేసే వంట ఒకటుంది. బంగాళాదుంపలు సన్నగా చీల్చి, ఉల్లిపాయలు, చిన్నచేపలు పొరలుగా పరిచి, పైన మీగడ పోసి ఓవెన్‌లో పెడతారు. ఆవిడ ఆ ఎండాకాలం పోయింది. చివరిసారి వచ్చినప్పుడు తెచ్చిన చేపల డబ్బా ఒక్కటే ఫ్రిజ్‌లో మిగిలింది. కోడలు దాన్ని నెలల తరబడి ముట్టుకోలేదు. పండగ ముందురోజు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీరు చెయ్యండి, మావయ్యా. నా వల్ల కాదు."

కాకినాడవాడికి చేప సంగతి ఒకరు చెప్పాలా! దుంపల మీద పడ్డాను. తోలు ఒలిచి, నిలువునా చీరి పడేశాను. డబ్బా మూత రింగు ఊడి చేతికొచ్చింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. అదీ నన్ను పొడిచింది. ఆ కోపంలోనే ఒక చేప నోట్లో వేసుకున్నాను. తీపి! పైగా దాల్చినచెక్క వాసన! చేప తియ్యగా ఉందంటే కుళ్ళినట్టే కదా. మొత్తం బిన్‌లో కుమ్మరించి, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళ చేపలు తలలు తుంచి, కాగే నూనెలో వేయించి, దుంపల మధ్య పరిచాను. పొగకు అలారం కేకలు పెట్టింది. చీపురుకర్రతో ఒక్కటిస్తే ఊడి కిందపడింది.

మావాడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటి నాన్నా ఈ కంపు? డబ్బాలో చేపలేవీ?"

"పాడైపోయాయిరా, పారేశా. నెత్తళ్ళు వేశాలే, వాటి జేజమ్మలు."

"పాడవటమేంటి? వాటిని పంచదారలోనే ఊరబెడతారు! వాళ్లమ్మ తెచ్చిన ఆఖరి డబ్బా అది. తెలీకపోతే అడగొచ్చుగా! జన్మలో ఎవర్నన్నా ఏదన్నా అడిగావా నువ్వు?"

వాడు నా కాలరు పట్టుకున్నాడనీ, నేను వాణ్ణి గోడకేసి కొట్టాననీ, పళ్ళాలు పగిలాయనీ స్నేహితులకు చెప్పాను. అబద్ధం. వాడు చెయ్యెత్తలేదు. నేనే కొట్టాను. నలభయ్యేళ్ల కొడుకుని, నెత్తురు కారుతున్న చేత్తో, చెంప మీద. వాడన్నది నిజం కాబట్టే కొట్టాను. వాడి చిన్నప్పుడూ అంతే.

కోడలు మెట్లు దిగి వచ్చింది. వాడి చెంప మీద ఎర్రటి మరక చూసింది. బిన్‌లోకి చూసింది. చేపలు టీపొడిలో కలిసిపోయాయి. సింకు పక్కనున్న డబ్బా ఎత్తి చూసింది. అడుగున కాస్త ఊట మిగిలుంది.

"అమ్మ ఇది కూడా పోసేది," అంది.

నా నెత్తళ్ళన్నీ ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. దుంపల మీద ఆ ఊట చుక్క మిగలకుండా వంచింది. ఓవెన్ తలుపు తెరిచి ఆగింది.

"ముందు తనకి సారీ చెప్పండి, మావయ్యా. లేకపోతే ఇది లోపల పెట్టను."

డెబ్బయి దాటాక, జన్మలో మొదటిసారి, చెప్పాను. మావాడు ప్లాస్టర్ తెచ్చి నా వేలికి చుట్టాడు, కావాలనే నొప్పెట్టేలా.

గంట తర్వాత కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అమ్మ రుచి ఉంది," అంది.

గిన్నెలోని నెత్తళ్ళు నేను తిన్నాను. మావాడూ ఒకటి తీసుకున్నాడని రాద్దామనుకున్నాను. తీసుకోలేదు.