ఇది ఎరా, చేపా?

మా బావ హాలిస్ ట్రెడవే ఇంతవరకు ఎవరు పట్టిన చేపనూ చేపగా ఒప్పుకోలేదు. మా అలబామాలో బాస్ చేపకు పెద్దనోరు చేప అని పేరు. అది మా బావను చూసి ఉంటే సిగ్గుపడి ఆ పేరు వదులుకునేది. ఎవరైనా చేయంత బాస్‌ను కింది పెదవి పట్టుకుని రేవు మీదికి తెస్తే చాలు, ఆయన మడతకుర్చీలోంచి మెడ సాచి, కళ్లజోడు పైకి నెట్టి, అదే ప్రశ్న వేస్తాడు.

"ఇది ఎరా, చేపా?"

ఆ రేవు పక్కనున్న ఎరల కొట్టు నాది. రబ్బరు వానపాములు, గాలాలు, ఉడకబెట్టిన వేరుశెనగకాయలు అమ్ముతాను. మా అక్క ఈయన్ని చేసుకున్న పాపానికి ప్రతి శనివారం పొద్దున్నే నా గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నా కాయలే తింటాడు, నా గిరాకీనే తిడతాడు. మోకాళ్లు పాడై తాను పడవ ఎక్కడం మానేశాక, ఎక్కేవాళ్లను ఎద్దేవా చేయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. ఒక్కరే పట్టే సన్నటి తెడ్డుపడవ, కయాక్‌లో వచ్చేవాళ్లంటే మరీ లోకువ. "చెప్పులో కూర్చుని చేపలు పడతావా నాయనా? రెండో చెప్పు ఇంట్లో మరిచిపోయావా?" అంటాడు.

ఒకసారి మా పాస్టరుగారు ఘనమైన బాస్ పట్టుకొచ్చారు. అందరూ ఫోటోలు తీస్తున్నారు. "తొందరగా నీళ్లలో వదిలేయండి పాస్టరుగారూ, వాళ్లమ్మ వెతుక్కుంటూ ఉంటుంది," అన్నాడు బావ. ఆ ఆదివారం పాస్టరుగారు నోటిని అదుపులో పెట్టుకోవడం గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు. బావ ముందు వరుసలో కూర్చుని విని, "ఎవరికో బాగా తగిలించాడు," అని మా అక్క చెవిలో మెచ్చుకున్నాడు.

అన్నిటికంటే ఆయనకు పండగ, బిరడా మరిచిపోయినవాడు దొరికినప్పుడు. పడవ వెనక అడుగున ఒక రంధ్రం ఉంటుంది. ఒడ్డుకు తెచ్చాక లోపలి నీళ్లు పోవడానికి దాని బిరడా తీస్తారు. మళ్లీ దించేముందు బిగించాలి. అది మరిచిపోతే పడవ వెనకభాగం మునుగుతుంది, పరువు అంతకంటే ముందే మునుగుతుంది. బావ దూరం నుంచే కనిపెడతాడు. కనిపెట్టి నోరు మూసుకుని కూర్చుంటాడు. నీళ్లు చీలమండల దాకా వచ్చాక అడుగుతాడు, "ఏం నాయనా, చేపల్నే లోపలికి రమ్మన్నావా?"

"ముందే చెబితే నీ సొమ్మేం పోతుంది బావా?" అంటే, "చెబితే ఎవడు నేర్చుకుంటాడే?" అంటాడు. ఇలాంటి మనిషికి మా అక్క ఇన్నేళ్లుగా వేడివేడిగా మొక్కజొన్న రొట్టె చేసి పెడుతోంది.

వెండెల్ ఫుల్మర్ బావకు బళ్లో చదువుకున్ననాటి స్నేహితుడు. అతను, భార్య ఇమోజీన్ తమ చిన్న అల్యూమినియం పడవలో ఎప్పుడూ కలిసే చేపలకు వెళ్లేవాళ్లు. మొన్న చలికాలంలో ఇమోజీన్ పోయింది. వసంతం వచ్చి, బాస్‌లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరినా వెండెల్ రేవుకు రాలేదు. పడవకు 'అమ్మబడును' అని అట్టముక్క కట్టి ఇంటి ముందు పెట్టాడు. "ఆ పడవ కూడా పోతే అతనిక మంచం దిగడు," అని మా అక్క దిగులుపడింది. వెంటనే బావ పరామర్శకు బయలుదేరాడు. భయం వేసి నేనూ వెంట వెళ్లాను.

"ఈ రేకుడబ్బాను ఎవడు కొంటాడురా?" పరామర్శ అలా మొదలైంది.

"కొనేవాడు కొంటాడు. నీకెందుకు?"

"మంచిపనే చేస్తున్నావులే. చేపలు పట్టింది ఇమోజీన్. నువ్వు పడవలో బరువుకు కూర్చున్నావు. ఇప్పుడు ఒక్కడివే వెళ్తే ఆ సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది."

వెండెల్ మొహం జేవురించింది. నేను బావ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ క్షణంలో ఆయన్ని సరస్సులోకి తోసెయ్యాలనిపించింది.

"శనివారం రేవులో ఉంటావుగా?" అన్నాడు వెండెల్ పళ్లు బిగించి.

"నేనెక్కడికి పోతాను?" అన్నాడు బావ.

శనివారం వెండెల్ ట్రక్కు వెనక ట్రెయిలర్ మీద పడవ పెట్టుకుని వచ్చి, దాన్ని నీళ్లలోకి దించడానికి వెనక్కి తిప్పసాగాడు. కుర్చీలోంచి లేచి ఎవరి దగ్గరికీ వెళ్లని బావ, మోకాళ్లు పట్టుకుని ఆ పడవ దాకా నడిచి వెళ్లి మరీ తిట్టాడు. "ట్రక్కు వెనక్కి తిప్పడం అలాగేనా? నా వైపు కాదు, నీ చక్రం వైపు చూడరా చేతకానివాడా." తిడుతూనే పడవ వెనక వంగి, మూలిగి, "ఛీ, అడుగంతా నాచే," అన్నాడు. మధ్యాహ్నం వెండెల్ చేపతో తిరిగొస్తే మళ్లీ లేచి వెళ్లాడు. "ఇది ఎరా, చేపా?" అన్నాడు. మళ్లీ పడవ వెనక వంగి, మళ్లీ "ఛీ" అన్నాడు.

వేసవంతా ఇదే తంతు. వెండెల్ కోపంగా వచ్చి, కోపంగా చేపలు పట్టి, ఇంకా కోపంగా ఇంటికెళ్లేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"భార్య పోయినవాణ్ణి ఇలా ఏడిపించడానికి నీకు మనసెలా ఒప్పుతోంది బావా?"

"వాడి పడవ చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. నన్నేం చెయ్యమంటావు?"

ఆకురాలు కాలం మొదట్లో బావకు పన్ను పీకారు. మర్నాడు శనివారం. దవడ వాచిపోవడంతో మా అక్క ఆయన్ని గడప దాటనివ్వలేదు. చాలాకాలం తర్వాత రేవులో పిట్టల కూతలు వినపడ్డాయి. ఇంతలో కొట్లో ఫోన్ మోగింది.

"బీయ... వెందెల్ బీయ..."

"బీరా? పన్ను పీకించుకుని పొద్దున్నే బీరేమిటి బావా? సిగ్గుండాలి," అని పెట్టేశాను.

మళ్లీ మోగింది. "బీయదా చూదు..."

"వెండెల్ దగ్గర బీరుంటే నీకెందుకు? పడుకో." ఆ తర్వాత ఎంత మోగినా తియ్యలేదు.

వెండెల్ వచ్చాడు. తిట్టేవాడు లేక ట్రక్కు తిన్నగా వెనక్కి వెళ్లింది. పడవ నీళ్లలోకి జారింది. హమ్మయ్య అనుకునేలోపు దాని వెనకభాగం కిందికి దిగింది. ఎవడో బావ గొంతు అనుకరిస్తూ, "చేపల్నే లోపలికి రమ్మన్నావా?" అన్నాడు. రేవంతా నవ్వింది. వెండెల్ నడుములోతు నీళ్లలోకి దూకి పడవను పట్టుకున్నాడు. అందరం కలిసి దాన్ని ట్రెయిలర్ మీదికి లాగాం. వెనక రంధ్రంలోంచి నీళ్లు ధారగా పోతున్నాయి.

"బిరడా ఇమోజీనే పెట్టేది," అన్నాడు వెండెల్. "నేను ట్రక్కు తిప్పుతుంటే తను బిగించేది. ఒడ్డుకొచ్చాక తనే తీసి అక్కడ తగిలించేది. అదొక పనని నాకెప్పుడూ తట్టలేదు."

మోటారు పక్కన కొక్కేనికి బిరడా వేలాడుతోంది.

"మరి వేసవంతా ఎవరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. బావ అడిగిన బీరేమిటో అప్పుడు అర్థమైంది. వెండెల్ నా గడప ముందున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు. పడవ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ అట్టముక్క మళ్లీ కడతాడేమోనని వారమంతా నాకు ఒకటే బెంగ.

శనివారం బావ దవడకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. కాసేపటికి పడవతో వెండెల్ కూడా వచ్చాడు. సంతోషం పట్టలేక కాయల పొట్లం తీసుకుని ట్రక్కు దగ్గరికి పరుగెత్తాను. చూస్తే, బిరడా ఇంకా కొక్కేనికే ఉంది.

"అన్నయ్యా, బిరడా," అన్నాను గొంతు తగ్గించి.

"తెలుసులే అమ్మా, గట్టిగా అనకు. అది నేనే పెట్టేసుకుంటే వాడికి ఇంకేం పని ఉంటుంది, పాపం? ఆ మోకాళ్లతో కుర్చీ వదిలి నడిచేది దీనికోసమేగా."

"ఏరా, ఊరేగింపనుకున్నావా? తొందరగా తిప్పు. నా వైపు కాదు, నీ చక్రం వైపు చూడు," అంటూ బావ రానే వచ్చాడు. వంగాడు. మూలిగాడు. "ఛీ" అన్నాడు. వెండెల్ బుద్ధిగా చక్రం వైపే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం వెండెల్ రెండు చేతులతో ఎత్తాల్సినంత బాస్‌ను తెచ్చాడు. మా రేవులో అంత చేపను నేను చూడలేదు. బావ దాన్ని చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. దవడ సలుపుతోందేమో అనుకున్నాను.

"ఎర మాత్రం బాగుందిరా," అన్నాడు చివరికి. "వచ్చే శనివారం దీన్ని వేసి చేపను పట్టు."