వంకర గీతకు సంతకం

మొన్న తాడేపల్లిగూడెం నుంచి పెద్దకర్మ కార్డు వచ్చింది. ఏలూరు కాలేజీలో మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చూసిన డిమాన్‌స్ట్రేటరు గారు పోయారట. తొంభై అయిదేళ్ళు బతికారు. ఫొటో కింద 'మృదు స్వభావి, శిష్యవత్సలుడు' అని అచ్చేయించారు. రెండుసార్లు చదివాను గానీ వెళ్ళలేదు. ఆ పూట మినప్పప్పు రుబ్బించి గారెలు వండుకుని కడుపునిండా తిన్నాను. ఎనభై దాటాక ఇంత కసి ఏమిటని మా చెల్లెలు కోప్పడింది. కసేనని ఒప్పుకున్నాను.

పందొమ్మిది వందల యాభైల్లో ఆ ల్యాబుకు నేనొక్కదాన్నే ఆడపిల్లను. నాన్న పెదపాడు దగ్గర మిషన్ బడిలో మాస్టారు, తాత కొల్లేట్లో వలేసి బతికినవాడు. ఆ ఏడు పరీక్ష పోతే చదువు మాన్పిస్తానని నాన్న ముందే చెప్పారు. రికార్డులో సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. చివరి ప్రయోగంలో ఎసిటిక్ ఆమ్లాన్ని, ఆల్కహాల్‌ను కలిపి నాలుగు చుక్కల గంధకామ్లం వేస్తే మాగిన పళ్ళ వాసనతో ఎస్టరు తయారయ్యేది. గంటగంటకూ కాస్త తీసి, రంగు తిరిగేదాకా బ్యూరెట్టు గొట్టంలోంచి క్షారం వదిలి, ఎంత ఆమ్లం మిగిలిందో చూడాలి. ఆ అంకెలకు లాగరిథమ్ కట్టి గ్రాఫు గీస్తే తిన్నని గీత రావాలని పాఠం. అందరికీ తిన్నగానే వచ్చేది, ఎందుకంటే అందరూ ఒక పాత రికార్డు చూసి ఎక్కించేవాళ్ళు. అది డిమాన్‌స్ట్రేటరు గారు తాను చదువుకునే రోజుల్లో రాసింది. నేను బ్యూరెట్టు చూపించిందే రాశాను. నా గీత చివర్లో వంగిపోయింది.

"వంకర గీతకి సంతకం పెట్టనమ్మా. దొంగ రీడింగులు రాసుకొచ్చావు. కొల్లేట్లో వలేసుకునేవాళ్ళకి బ్యూరెట్లెందుకు?" అన్నారాయన, అందరి ముందూ. మగపిల్లలు నవ్వారు. నేను ఏడవలేదు. ఆయన్నీ అలాగే అందరి ముందూ నిలబెట్టాలనుకున్నాను. తిండి తింటున్నా, బస్సులో కూర్చున్నా అదే ధ్యాస. వట్లూరులో ఉండే మా కాలేజీ లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన విసనకర్ర విసురుకుంటూ, ఆమ్లం తగ్గే వేగానికి నేను రాసిన సమీకరణం చూసి, "ముందుకెళ్ళేదే రాశావమ్మాయ్. తయారైన ఎస్టరు ఊరుకుంటుందా? మళ్ళీ విడిపోదూ? అదీ రాయి" అన్నారు. ముందుకు పోయే వేగంలోంచి వెనక్కి వచ్చే వేగం తీసేసి ఆ అవకలన సమీకరణాన్ని సాధించాను. రెండు వేగాలూ సమానమైనప్పుడు ఆమ్లం తగ్గడం ఆగిపోతుంది. గీత నా రికార్డులో ఉన్నట్టే వంగింది.

ఆయన నన్ను దొంగన్న మూడు వారాలకు, ఉదయం పదింటికి సీసాలో సరుకు కలిపి, సాయంత్రం నాలుగింటికి బ్యూరెట్టు ఎక్కడ ఆగుతుందో ముందే బోర్డు మీద రాశాను. పక్కనే పాత రికార్డు చెప్పే అంకె కూడా రాశాను. నాలుగయ్యాక "మీరే చూడండి సార్" అని పిపెట్టు ఆయన చేతికే ఇచ్చాను. నా అంకె దగ్గరే రంగు తిరిగింది. ల్యాబంతా చూసింది. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. "ఏదీ, రికార్డిలా ఇవ్వమ్మా" అని గబగబా సంతకం పెట్టేశారు. ఇంటికి వెళ్తూ బస్సులో తెరిచి చూస్తే సంతకం కింద తేదీ మూడు వారాల కిందటిది. నన్ను దొంగన్న రోజే, నా గీత మెచ్చుకుని సంతకం పెట్టినట్టు! ఆయన అన్న మాటకు ఇక ఎక్కడా ఆనవాలు లేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను, నేనూ ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆయనకు మూడు వారాలు వెనక్కి వెళ్ళడం చేతనైంది. నాకు ఆ మూడు వారాలు దాటి ముందుకు రావడం ఇన్నేళ్ళకూ చేతకాలేదు.